గోడ ఆరువరకు

ఇంటిని చూడవచ్చినవారు మొదట వాకిలిని చూతురు. పిదప నడవను, దేవుని గదిని, వంటయింటిని చూతురు. కారుషెడ్డును చూడగోరువారు అరుదు. పగిలిన బకెట్లు, విరిగిన ఊయల బల్ల, పెండ్లినాటి ఇనుపపెట్టెలు, ఎవరును తొక్కని సైకిలు, ఇంట చోటు దొరకని వస్తువులన్నియు తుదకు చేరునది అక్కడికే. దాని గోడలకు లోపలివైపు ప్లాస్టరు సైతము పెట్టక ఇటుకలను అట్లే విడిచిపెట్టుట వాడుక. లోపల నివసించునది ఇనుప యంత్రము కదా, దానికి గోడ నునుపుతో పనియేమి అని కట్టించువాని తలంపు. ఆ యంత్రము వెళ్లిపోయి, ఆ చోట మనిషిని ఉంచవలెనను ఆలోచన పుట్టిననాడు మాత్రమే ఆ గోడలు ఎట్టివో తెలిసికొనవలసిన అవసరము కలుగును.

రాయపూరు నగరమున అట్టి ఆలోచనకు ఇప్పుడు అవకాశములు మెండు. 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమయ్యెను. రాయపూరు దానికి రాజధాని అయ్యెను. నగరము నలువైపుల పెరిగెను. చదువులకును ఉద్యోగములకును వచ్చువారు ఒక్క గది దొరికినను చాలునని వెదకుచుందురు. మరియొకవైపున, పిల్లలు దూరదేశములకు తరలిపోగా, కారు అమ్మివేసి మిగిలిన వృద్ధ దంపతుల యిండ్లలో కారుషెడ్డు ఖాళీగా ఉండును. ఒకరికి గది కావలెను, మరియొకరికి నెలకు కొంత సొమ్ము కావలెను. ఈ రెండు అవసరముల నడుమ నిలిచియుండునది ఒక తడిగోడ.

అట్టి యిండ్లలో ఒకటి ఒక తెలుగు గృహస్థునిది. విజయనగరమునుండి తూర్పుకనుమలను దాటి రాయపూరునకు వచ్చు రైలుమార్గము 1931లో పూర్తియైనది మొదలు ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ ఊరు పరదేశము కాకపోయెను. గృహస్థుని తండ్రి రైల్వే కొలువునకై ఆ మార్గముననే వచ్చెను; కుమారుడును ఆ కొలువులోనే వయసు గడపి విశ్రాంతి పొందెను. ఇంటిని ఆయన కట్టించలేదు. ఇతరులు కట్టినదానిని కొనెను. ఒక ఏప్రిలు నెలలో శ్రీకాకుళమునుండి వరుసకు బావగారైన బంధువొకరు ఫోనుచేసి, తన యిద్దరు కుమార్తెలు నర్సింగు చదువుటకు రాయపూరు వచ్చుచున్నారనియు, తెలిసినవారి యింట గది దొరికినచో తనకు నిశ్చింతగా ఉండుననియు చెప్పెను. అద్దె యిత్తుననియు చెప్పెను. గృహస్థునకు ఆ అద్దె అక్కరలేనిది కాదు. వానలు మొదలగునప్పటికి కారుషెడ్డును గదిగా మార్చి ఇత్తునని ఆయన మాట యిచ్చెను.

గోడలను పరికించి చూచుట ఆ తరువాతి పని. పాత యజమాని ఎప్పుడో ఆ ఇటుకలకు నేరుగా నూనెరంగు పూయించియుండెను. ఆ రంగు ఉడికిన పాలమీది మీగడవలె ముడతలుపడి, అక్కడక్కడ అరచేయంత పెచ్చులుగా లేచియుండెను. పెచ్చు ఊడిన చోట ఇటుక మెత్తనై, గోటితో గీచినచో పొడి రాలుచుండెను. నేలనుండి మోకాలెత్తువరకు తెల్లని నూగువంటి ఉప్పు పూచియుండెను. తెలుగువారు దీనినే గోడ చౌడెక్కినది అందురు. పడమటి గోడ పైభాగమున మాత్రము వేరొక మరక కలదు. అది నేలతో సంబంధము లేక, పైకప్పు మూలనుండి దిగుచు, భూపటములోని నదివలె వంకరలు తిరిగియుండెను. ఇన్ని గురుతులున్నను ఏప్రిలు ఎండలో గోడను తాకినచో చేతికి తడి తగులలేదు.

రంగులు వేయువానిని పిలిపించిరి. అతడు ఛత్తీస్‌గఢ్ పల్లెనుండి వచ్చి నగరమున స్థిరపడినవాడు, పనియందు నిపుణుడు, అబద్ధమాడువాడు కాడు. గోడలను చూచి అతడు చెప్పినది ఇది: "నాలుగు దినముల పని, బాబూజీ. లేచిన రంగు గీకి, లప్పము పట్టించి, పైన నీరంటని రంగు రెండు పూతలు వేసెదను. అద్దమువలె ఉండును." ఎన్నాళ్లు ఉండునని గృహస్థుడు అడిగెను. "ఈ వేసవి అంతయు ఉండును. వానకాలము సంగతి చెప్పలేను. ఇక్కడ అందరును ఇట్లే చేయించుకొందురు, రెండేండ్లకు మరల పిలుతురు" అని అతడు బదులు పలికెను.

ఆ మాటలో మోసము లేదు. అడిగినవారికి అడిగినది చేసియిచ్చుట అతని వృత్తి. గది అద్దెకిచ్చువాడు సాధారణముగా కోరునది గోడ ఆరుట కాదు, ఆరినట్లు కనబడుట. రాయపూరు వేసవి ఆ కోరికకు మంచి తోడు. ఏప్రిలు, మే నెలలలో ఇక్కడి గాలి నిప్పుసెగవలె పొడిగా ఉండును. వేడి కొన్ని దినములలో 45 డిగ్రీలను దాటును. ఆ గాలి గోడ పైపొరలోని తడిని త్రాగివేయును. గది చూచుటకు వచ్చినవాడు అప్పుడే పూసిన రంగును చూచి, కిటికీ తెరచి, సంతోషించి, బయానా ఇచ్చి పోవును. జూను మధ్యమునకు వానలు దిగును. ఏడాదిలో కురియు సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షములో హెచ్చుభాగము సెప్టెంబరులోపలనే కురియును. శ్రావణమునాటికి లప్పము ఉబ్బును, రంగు పొక్కును, మంచము వెనుక నల్లని బూజు పట్టును. అప్పటికి గదిలో మనుష్యులుందురు. వారి బట్టలు, పుస్తకములు, ఊపిరులు ఉండును. కప్పివేసినవాడు వేరొక గదిలో పొడిగా నిద్రించును.

గృహస్థుని భార్య ఈ సంగతిని తర్కముచేత గాక వంటయింటి అనుభవముచేత పట్టుకొనెను. ఆమె వేసవిలో ఒత్తిన అప్పడములను చోటు చాలక కారుషెడ్డులో డబ్బాలకెత్తి ఉంచుచుండెడిది. "ఏమండీ, నడివేసవిలో పెట్టిన అప్పడములు కూడ ఆ గదిలో మెత్తబడుచున్నవి. ఆడపిల్లలను అందులో ఎట్లు పడుకొనబెట్టుదుము?" అని ఆమె యడిగెను. గోడ చేతికి చెప్పని మాటను అప్పడము చెప్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములు చెప్పినదియు ఇదియే: చెమ్మయు బూజును ఉన్న యిండ్లలో నివసించువారికి దగ్గు, ఊపిరాడకపోవుట, ఉబ్బసము మొదలగు బాధలు హెచ్చుగా కలుగును. రంగుతో కప్పినంతమాత్రమున ఆ బాధ తగ్గదు. కారణము కంటబడకపోవుట మాత్రమే జరుగును.

ఇటుక ఎంత నీటిని దాచుకొనునో తెలిసినచో రంగుమీది భ్రమ సగము తొలగును. కాల్చిన మట్టియిటుకను ఒక దినము నీటిలో ముంచి తీసినప్పుడు, అది పీల్చిన నీరు సాధారణ రకములలో ఇటుక బరువులో నూటికి 20 వంతులు మించరాదని భారత ప్రమాణము. మూడు కిలోల ఇటుక అనగా అరలీటరునకు మించి నీరు పట్టవచ్చును. తొమ్మిదంగుళముల మందము గల గోడలో చదరపు మీటరునకు కొంచెము హెచ్చుతగ్గులుగా 100 ఇటుకలుండును. పూర్తిగా తడిసినచో ఆ చిన్న భాగములోనే 60 లీటర్ల నీరు, అనగా సుమారు నాలుగు బిందెలు, కంటికి కనబడక నిలిచియుండగలదు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు ఇటుకలోని సన్నని రంధ్రములు నేలలోని నీటిని పైకి లాగును. ఆ నీటితో కరిగిన లవణములును ఎక్కును. గోడ ముఖమున నీరు ఆవిరియై పోవును, లవణము మిగులును. రంగుపొర అడ్డుపడినచో లవణము ఆ పొర వెనుకనే గడ్డకట్టి, దానిని ముందుకు త్రోయును. పెచ్చులు లేచుటకు కారణము రంగు నాసిరకమగుట మాత్రమే కాదు. వెనుకనుండి త్రోయుచున్న ఉప్పు.

కారుషెడ్డునకే ఈ వ్యాధి హెచ్చుగా తగులుటకు హేతువు దాని కట్టడములోనే కలదు. ఇంటిని రెండు మూడడుగుల ఎత్తున పీఠముపై కట్టుదురు. పీఠముపైని చెమ్మ ఎక్కకుండ కాంక్రీటు పట్టీయో తారుపూతయో వేయుదురు. బండి లోనికి దొర్లుకొని రావలెను గనుక కారుషెడ్డు నేలను వీధిమట్టముననే ఉంచుదురు. వీధికి తారు వేయునప్పుడెల్ల వీధి అంగుళములలెక్కన పెరుగును. షెడ్డు నేల ఉన్నచోటనే ఉండును. కొన్నియేండ్లకు వాననీరు వీధినుండి వాకిటిలోనికి నడచును. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో పిలుతురు. అందులో నల్లని కన్హార్ నేల వానకు ఉబ్బి, నీటిని చాలనాళ్లు వదలదు. అట్టి నేలను ఆనుకొనిన గోడకు కార్తికము వరకు దాహము తీరుచునే యుండును. పైగా రాయపూరు చెరువుల ఊరు. బూఢా తాలాబు, తేలీబాంధా వంటివి నేటికిని నిలిచియున్నవి. పూడిపోయి ఇండ్లస్థలములైన చెరువులును కలవు. పల్లపునేల పేరు మార్చుకొనినను నీరు వచ్చు దారి మారదు.

గృహస్థుడు రంగువానికి నాలుగు దినముల పని చెప్పక, ముందుగా ఒక చిన్న పరీక్ష చేసెను. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల పాలిథిను ముక్కలను గోడపై నాలుగుచోట్ల అంచులు కదలకుండ అంటించి రెండు దినములు ఉంచెను. పాలిథినుకు గదివైపున తేమ పట్టినచో అది గాలిలోని తేమ; గోడవైపున పట్టినచో అది గోడలోని తేమ. మొదటిదానికి కిటికీ తెరచుట మందు. రెండవదానికి మూలమును వెదకవలెను. ఆ నడివేసవిలో, పైకి ఎండినట్లున్న ఆ గోడలపై, నేలకు దగ్గరగా అంటించిన ముక్కలన్నిటికిని గోడవైపుననే నీటిబిందువులు నిలిచెను.

మూలము గోడలో ఉండదు, గోడ వెలుపల ఉండును. పడమటి గోడ పైమరకకు కారణము డాబామీది వాననీటి గొట్టము. పిట్టగోడ మూలలో అది చిట్లి నీటిని ఇటుకలలోనికి వదలుచుండెను. వీధివైపు గోడకు ఆనించి పాత యజమాని పూలమొక్కల మడి పెంచియుండెను. మడిలోని మట్టి లోపలి నేలకంటె జానెడు ఎత్తుగా ఉండెను, దానికి దినదినము నీరు పోయుచుండిరి. మే నెలలో గొట్టము మార్చిరి; పిట్టగోడ పగుళ్లు పూడ్చిరి; మడిని తీసి గోడవెంట కందకము త్రవ్వి, కంకరతో నింపి, వాలు చూచి కాలువలోనికి కలిపిరి. షెడ్డు ఇనుప షట్టరు పైన మూసివేసియున్న వెంటిలేటర్లను తెరచిరి. ఇంతవరకు రంగుడబ్బా మూత తీయనేలేదు. గోడకు రంగువేయుట అను పనిలో మొదటి సగము చీపురు, పలుగు, పారలతో జరుగును.

గోడను సిద్ధపరచు పని ఓర్పుతో కూడినది. పాత నూనెరంగును పొడిగా రుద్ది ధూళి చేయుట ప్రమాదము. పూర్వపు రంగులలో సీసము ఉండెడిది. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము మన దేశమున 2016లో ఏర్పడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చెను. అంతకుముందటి రంగును కొంచెము తడిపి, ముక్కుకు గుడ్డకట్టు కాక తగిన మాస్కు పెట్టుకొని, రేకుతో గీకవలెను. గీకిన పెచ్చులను సంచికెత్తి దూరము చేయవలెను. ఉప్పు విషయమున దీనికి విరుద్ధముగా నడువవలెను. దానిని నీటితో కడిగినచో కరిగి మరల ఇటుకలోనికే పోవును. కావున పొడి కుంచెతోనే దులిపి, క్రింద పరచిన గుడ్డమీద పట్టి, వెలుపల పారవేయవలెను. ఇనుపతీగల బ్రష్షును గట్టిగా వాడరాదు. బట్టీలో కాలినప్పుడు ఇటుకకు పైన గట్టి పొర ఏర్పడును; అది దానికి చర్మమువంటిది. అది పోయినచో లోపలి మెత్తని భాగము నీటికి తెరవబడును.

దర్జుల విషయమున రంగువానికిని గృహస్థునకును ఒక పూటంతయు చర్చ జరిగెను. ఇటుకల నడుమ సున్నపు అడుసు పొడియై రాలుచుండెను. సిమెంటుతో నింపినచో గట్టిగా ఉండునని అతని వాదము. గట్టిదనమే అక్కడి చిక్కు. మెత్తని ఇటుకల నడుమ గట్టి సిమెంటు ఉన్నచో తడి దర్జునుండి పోలేక ఇటుకనుండియే పోవలసివచ్చును. ఉప్పు ఇటుకనే తినును. దర్జు ఇటుకకంటె మెత్తగా ఉన్నచో తడియు ఉప్పును దానిగుండ వెలికివచ్చును. పాడైనప్పుడు దర్జును మరల నింపుకొనవచ్చును, ఇటుకను మార్చుట సులభము కాదు. తుదకు అంగుళము లోతున పాత అడుసును గీకి, సున్నమును ఇసుకను కలిపి నింపిరి.

తడినుండి ఇటుక ఎంతకాలము బ్రతుకగలదో తెలియుటకు రాయపూరువారు దూరము పోనక్కరలేదు. సుమారు 80 కిలోమీటర్ల దూరమున, మహానదీ తీరమున, సిరిపురమున లక్ష్మణాలయము కలదు. అది ఇటుకలతో కట్టిన దేవళము. హర్షగుప్తుని రాణియు, మహాశివగుప్త బాలార్జునుని తల్లియు అగు వాసటాదేవి, గతించిన భర్త స్మృతికై క్రీస్తుశకము ఏడవ శతాబ్దమున దానిని కట్టించెను. పదమూడు వందల ఏండ్లకు మించి వానలు దానిమీద కురిసినవి. ఇటుకలపై చెక్కిన గవాక్షములు నేటికిని కనబడును. దాని దృఢత్వమునకు పనివారి నేర్పు, ఇటుకల కాల్పు, సన్నని దర్జులు కారణములు. వానితోపాటు చూచువారు గమనింపవలసినది, ఆలయము ఎత్తైన రాతి వేదికపై నిలిచియుండుట. ఇటుక పాదములు మట్టిని తాకవు. నది ఒడ్డున కట్టినవారికి నీటి నడక తెలియును. వీధిమట్టమున నిలిచిన కారుషెడ్డు గోడకు ఆ వేదిక లేదు. ఉన్నంతలో కందకమే దానికి వేదిక.

మే నెల తుదికి గోడలు శుభ్రమై, ఎఱ్ఱగా, వెల్లలేక నిలిచెను. అసలు పరీక్ష అప్పుడు వచ్చెను. తడిసిన గోడ అంగుళము మందమునకు నెల చొప్పున ఆరునని కట్టడపు పనివారి స్థూలమైన లెక్క. తొమ్మిదంగుళముల గోడకు ఆ లెక్కన తొమ్మిది నెలలు పట్టును. ఆడపిల్లలు నెలదినములలో రానున్నారు. గృహస్థుడు బావగారికి ఫోనుచేసి, "బావగారూ, గది ఇంకను సిద్ధము కాలేదు. పిల్లలు మా యింట మధ్యగదిలో ఉందురు. అద్దెమాట ఇప్పుడు తలపెట్టకుడు" అని చెప్పెను. ఆయన వెంటనే సంతోషింపలేదు. ఏప్రిలులో ఉన్నదన్న గది జూనులో లేకపోవుట ఆయనకు వింతగా తోచెను; హెచ్చు అద్దె యిచ్చువారు దొరికిరి కాబోలునని ఇంట అనుకొనిరట. తడిగోడ సంగతి ఫోనులో ఎంత వివరించినను సాకువలెనే వినబడును. గది యిచ్చియుండినచో మాట దక్కెడిది. ఇయ్యనందున మాట పోయెను. పిల్లలు వచ్చిరి. వృద్ధ దంపతులు తమ మంచములను నడవలోనికి మార్చుకొనిరి. నెలసరి రాబడి రాకపోగా ఇంటి ఖర్చు పెరిగెను.

వానలు దిగిననాటినుండి గృహస్థుడు ప్రతి ఆదివారము గోడపై తడి ఎక్కిన ఎత్తును బొగ్గుతో గీతగీచి, ప్రక్కన తేదీ వ్రాయుచుండెను. రైల్వేలో పనిచేసినవాడగుటచేత లెక్కపుస్తకమువంటి ఈ పని ఆయనకు అలవాటైనదే. పడమటి గోడ పైమరక వానకాలమంతయు మరల రాలేదు. దాని వ్యాధి గొట్టముతోనే తీరెను. వీధివైపు గోడలో తడి ఎక్కుచునే యుండెను. కాని పాత రంగు చెడిన ఎత్తువరకు ఎక్కలేదు, సగముననే నిలిచెను. ఏ మందు పనిచేసినదో, ఏ మందు సగమే పనిచేసినదో ఆ గీతలు చెప్పెను. ఏప్రిలులో లప్పము పట్టించియుండినచో ఈ రెండు గోడల భేదము ఒకే తెల్లని పొర క్రింద మరుగుపడియుండెడిది.

సెప్టెంబరు గడచి గాలి పొడిబారెను. రాయపూరు పరిసర గ్రామములలో స్త్రీలు దీపావళికి ముందు ఛుయీ మాటీ అను తెల్లని సుద్దమట్టిని కలిపి గోడలకు పూయుదురు. ఆ పండుగను వారు దేవారీ యందురు. కోస్తాంధ్రమున వెల్లవేయు కాలము సంక్రాంతి. రెండు ప్రాంతములవారును వానలు వెనుకబడి గోడ ఆరుటకు మొదలిడిన సమయమునే పండుగపనికి ఎన్నుకొనిరనిపించును. ఛత్తీస్‌గఢ్‌లో వాన సెప్టెంబరుతో వెనుదిరుగును. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపానులుకూడ గడవవలెను. పండుగ వచ్చినది గనుక వెల్లవేయుదుమని అందురు. గోడ ఆరినది గనుక వేయుదుమని అనినను తప్పు కాదు.

ఏ పూత పూయవలెను? నూనెరంగు, ప్లాస్టికు రంగు గోడపై తొడుగువలె ఏర్పడి ఆవిరిని ఆపును. సున్నపు పూత ఆపదు. రాయపూరు చుట్టుపట్ల నేల క్రింద సున్నపురాయి విస్తారముగా కలదు; దానిని నమ్ముకొనియే ఈ మైదానమున సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఆ రాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినచో బొగ్గుపులుసు గాలిని వదలి పొడిసున్నమగును. నీరు చల్లినచో సలసల క్రాగి తడిసున్నమగును. దానిని గోడకు పూసినప్పుడు నీరు ఆవిరియై, గాలిలోని బొగ్గుపులుసు గాలిని మరల గ్రహించి తిరిగి రాయి యగును. అనగా గోడమీద మిగులునది పలుచని రాతిపొర. దానికి సన్నని రంధ్రములుండును, తడి వానిగుండ వెలికిపోవును. సున్నపు ఘాటునకు బూజు త్వరగా పట్టదు. కొందరు సున్నములో ఉప్పు కలుపుదురు. ఉప్పు గాలిలోని తేమను లాగును గనుక చెమ్మగోడకు అది తగదు.

దీపావళికి పది దినములముందు రంగువాడు మరల వచ్చెను. కొన్ని వారములు నీటిలో నానిన సున్నమును గుడ్డలో వడగట్టి, పాలవలె పలుచగా కలిపిరి. కంట పడినచో కాల్చును గనుక కండ్లకు అద్దములు పెట్టుకొనిరి. పూయుటకు ముందు గోడపై చిలకరించినంత నీరు చల్లిరి. పొడి ఇటుక సున్నములోని నీటిని ఒక్కసారిగా త్రాగివేసినచో సున్నము పట్టక పొడియై రాలును. మొదటి పూత కంటికి ఆనలేదు. "ఇదేమి, బాబూజీ, నీళ్లు పూసినట్లున్నది" అని రంగువాడు నవ్వెను. మరునాటికి అది తెల్లబడెను. దినమునకొకటిగా ఐదు పూతలు పూసిరి. తలుపు వెనుకనున్న మూరెడు భాగమును మాత్రము, బొగ్గుగీతలు చెరిగిపోకుండ, పూయవలదని గృహస్థుడు చెప్పెను.

గోడ పూర్తిగా బాగుపడలేదు. వీధివైపున నేలనుండి అడుగు ఎత్తువరకు మాఘమాసమున మరల ఉప్పు నూగు కనబడెను. ఏటేట దేవారీకి ముందు దానిని పొడికుంచెతో దులిపి ఒక పూత సున్నము వేయవలసియుండును. ఆడపిల్లలు కార్తికమునుండి పగటివేళ ఆ గదిలో బల్లలు గోడకు జానెడు ఎడముగా వేసికొని చదువుకొనుచున్నారు. రెండవ వానకాలము గడచువరకు రాత్రి పడక మధ్యగదిలోనే యని పెద్దావిడ నిర్ణయము. ఆమె అప్పడముల డబ్బాను మరల ఆ గదిలో ఒక మూల పెట్టినది. వారమునకొకసారి ఒక అప్పడము తీసి విరిచి చూచును.

సంక్రాంతికి బావగారు కుమార్తెలను చూడవచ్చెను. గదిలో నిలుచుండి తెల్లని గోడలను చూచి, ఇంత మంచి గదిలో పిల్లలు ఇంకను ఎందుకు పడుకొనుట లేదని యడిగెను. గృహస్థుడు తలుపు తీసి వెనుకనున్న గీతలను చూపెను. ఆషాఢమునుండి భాద్రపదము వరకు వారమునకొక గీత, ప్రక్కన తేదీ. ఆయన క్రిందినుండి పైకి చదివెను. ఎత్తు హెచ్చిన వారములను వ్రేలితో తాకి చూచెను. తరువాత, వచ్చే వానకాలమున గీతలు గీయు పని పెద్దమ్మాయికి అప్పగింపుడని చెప్పి, కాళ్లు కడుగుకొనుటకు పెరటిలోనికి వెళ్లెను.